మజ్లిస్ గోడ మీద వంజరం

దోహాలో మెట్రో కొత్తగా నడుస్తున్న ఆ రోజుల్లో నాకు ఇప్పుడున్నంత పొట్టా లేదు, ఇప్పుడున్నంత ఓపికా లేదు. పుష్కలంగా ఉన్నదల్లా కోపమే. దానికి కారణాలు వెతుక్కునే శ్రమ కూడా నాకుండేది కాదు, నేను పనిచేసే దుకాణమే రోజుకొకటి చొప్పున సరఫరా చేసేది. అది చచ్చిన జంతువుల్ని బతికున్నట్టు నిలబెట్టే దుకాణం. (టాక్సిడెర్మీ అంటారు. ఫోన్లో మా అమ్మకి ఆ మాట నోరు తిరగలేదు, నాకు వివరించే ఓపిక లేదు. చివరికి ఆవిడే ఒక నిర్ణయానికి వచ్చి, మావాడు ఖతార్లో జంతువుల డాక్టరని ఊళ్ళో చర్చి అంతా చెప్పుకుంది. ఆ డాక్టరు దగ్గరికొచ్చే పేషెంట్లలో ఒక్కటి కూడా ప్రాణంతో ఉండదని ఆవిడకి తెలియదు.) పెంచుకున్న డేగ చచ్చిపోతే తెచ్చేవాళ్ళు ఒకవైపు, సముద్రంలో పట్టిన చేపను గోడకి తగిలించుకోవాలని తెచ్చేవాళ్ళు ఇంకోవైపు. డేగల సంగతి మా ముదీర్, అంటే మేనేజరు, చూసుకునేవాడు. చేపల ఆర్డర్లు నావి. చేప ఏ రకం, పొడవెంత, చుట్టుకొలతెంత, నోరు తెరిచి ఉండాలా మూసి ఉండాలా, తోక ఎటు తిరగాలి, కింద చెక్క ఏ రంగు, ఇవన్నీ అడిగి రాసుకుని లోపల పనిచేసే కుయాకి అప్పగించాలి. (కుయా అంటే ఫిలిప్పీన్స్ వాళ్ళ భాషలో అన్న. అతని అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు.)

మాది గోదావరి జిల్లా. చేపను చూడగానే పులుసా, వేపుడా అని ఆలోచించే జాతి మాది. అలాంటివాణ్ణి తీసుకొచ్చి, చేపకి గాజుకళ్ళు ఏ సైజువి పెట్టాలో అడిగే ఉద్యోగంలో కూర్చోబెట్టారు. కుయా చేప చర్మాన్ని చొక్కా విప్పినట్టు విప్పేసి, లోపలున్న మాంసమంతా చెత్తడబ్బాలో పడేసేవాడు. అప్పటికే అది పడవలోనూ, కారు డిక్కీలోనూ ఎండకి ఊరేగి తినడానికి పనికిరాకుండా పోయి ఉండేది, నిజమే. కానీ పనికిరాకుండా చేసిందెవరండీ? పట్టగానే ఐసులో పెట్టి ఇంటికి తీసుకెళ్ళి వండుకుంటే ఎవరొద్దన్నారు? చెత్తడబ్బా మూత పడిన చప్పుడు వినిపించినప్పుడల్లా నా కడుపు రగిలిపోయేది.

రెండో మంట, కొలతల గురించి. చేప పట్టినవాడి చేతులు రెండూ ఎప్పుడూ దగ్గరగా ఉండవు. చర్మం తీసి చేసే బొమ్మ అయితే గొడవ లేదు, చేప ఎంతుంటే బొమ్మ అంతే. కానీ చాలామంది చేపని వదిలేసో, తినేసో (వీళ్ళంటే నాకు గౌరవం) ఫొటో మాత్రం తెచ్చేవాళ్ళు. వాళ్ళకి మా దగ్గర రకరకాల పొడవుల్లో ఫైబర్ అచ్చులు ఉండేవి, కావలసిన అచ్చులో పోసి రంగులు వేసి ఇచ్చేవాళ్ళం. ఏ అచ్చులో పొయ్యాలన్నది కస్టమరు నోటి మాట మీద ఆధారపడటం నాకు అస్సలు నచ్చలేదు. టేపు పక్కన పెట్టి తీసిన ఫొటో ఉంటేనే ఆర్డరు రాస్తానని నాకు నేనే ఒక చట్టం చేసుకున్నాను. సండే స్కూల్లో ఆజ్ఞలు బట్టీ పట్టి బహుమతులు కొట్టినవాణ్ణి, చేప విషయంలో అబద్ధం రాస్తానా? ముదీర్ బతిమాలేవాడు. "ఒక జానెడు పెంచితే నీ సొమ్మేం పోతుంది, హబీబీ?" నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఒకసారి ఖరీదైన కారులో వచ్చిన ఒక పెద్దమనిషి మాటని పట్టించుకోకుండా, ఫొటోలోని చేపని దాని పక్కనున్న చెప్పుతో పోల్చి లెక్కగట్టి, ఆయన చెప్పినదానిలో సగానికి కుదించాను. ఆయన తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. ఆ తలుపు చప్పుడు నాకు చప్పట్లలా వినిపించింది. అప్పట్లో నా పరిస్థితి అదీ.

ఇక అక్క. అల్ వక్రాలో ఒక ఖతారీ ఇంట్లో వంట చేసేది, నరసాపురం వైపు మనిషి. ఖతార్లో సెలవు రోజైన శుక్రవారం ప్రార్థన అయ్యాక చర్చి బయట తెలుగువాళ్ళందరం టీ తాగుతూ నిలబడేవాళ్ళం కదా, అక్కడ పరిచయం. నాకంటే చాలా పెద్దది, పిల్లని ఇక్కడి సంపాదనతోనే నర్సింగ్ చదివిస్తోంది. రూములో నేను తినే తిండి వివరాలు అడిగి మరీ బాధపడేది. ఒక శుక్రవారం ఆవిడ దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను. "రోజంతా చేపల మధ్యే ఉంటానక్కా. నోట్లోకి మాత్రం ఒక్క ముక్క రాదు. రూములో కత్తి కూడా సరైంది లేదు, ఉల్లిపాయని చెంచాతో పొడుచుకుంటున్నాం." ఆవిడ టీ కప్పు పక్కన పెట్టేసింది. "ఆయ్, ఏం బతుకు తమ్ముడూ ఇది!" అంది. (ఆ చేపలతో మేం చేసే పనేమిటో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.)

ఆవిడ పనిచేసే ఇంటి యజమానిని పనివాళ్ళందరూ బాబా అనేవాళ్ళు, యజమానురాలిని మామా అనేవాళ్ళు. (మన మామతో దీనికి చుట్టరికం లేదు.) బాబాకి ఒక బావమరిది. ఆ బావమరిది ఇంట్లో మజ్లిస్ గోడ నిండా, అంటే మగవాళ్ళు కూర్చుని కాఫీ తాగే హాలు గోడ నిండా, చేపలే. బాబా ఏళ్ళ తరబడి వాటి కింద కూర్చుని కాఫీ తాగుతూ, అవి ఎలా పట్టాడో ఆయన చెప్పే కథలు వింటూ వచ్చాడు. చివరికి ఒకరోజు బాబా గాలానికి ఒక కనద్ పడింది. కనద్ అంటే మన వంజరమే. ఒడ్డుకి రాకముందే పడవలోంచి బావమరిదికి ఫోన్ చేసి మీటరున్నర అని చెప్పేశాడట. ఆ తర్వాత మా దుకాణానికి ఫోన్ చేశాడు. నేను తెలుగువాణ్ణని, వాళ్ళ వంటావిడ నాకు తెలుసని మాటల్లో తేలింది. నేను మా నిబంధనలన్నీ వల్లించాను. కొయ్యకూడదు, పొట్ట చీల్చకూడదు, కడగకూడదు, తడి తువ్వాలు చుట్టి అలాగే ఫ్రీజర్లో పెట్టి రేపు పంపండి, చర్మం తియ్యడం అదీ మేం చూసుకుంటాం అన్నాను. ఆయన ప్రతి మాటకీ ఇన్షా అల్లా, ఇన్షా అల్లా అన్నాడు. ఇంటికెళ్ళి చేపని వంటింట్లో పెట్టించి, "రేపు దీన్ని మీ తెలుగు కుర్రాడి దుకాణానికి పంపాలి" అని ఒక్క ముక్క మాత్రం చెప్పి పడుకున్నాడు. నేను చెప్పినవన్నీ ఆ ఇన్షా అల్లా దగ్గరే ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున ఆ ఇంటి డ్రైవరన్న వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. చేప అంటే భుజం మీద మోసుకొస్తాడని నేనూ కుయా బల్ల మీద ప్లాస్టిక్ పరిచి సిద్ధంగా ఉన్నాం. ఆయన మూతలు బిగించిన రెండు పెద్ద డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చేప ఏదన్నా?"

"గిదే చేప తమ్మీ."

మూత తీశాను. వంజరం ముక్కలు. చక్రాల్లా గుండ్రంగా, అచ్చు గుద్దినట్టు ఒకే మందంతో కోసి, ఉప్పూ పసుపూ కారం పట్టించి, అల్లంవెల్లుల్లి రాసి, నిమ్మకాయ పిండి, వరసలు వరసలుగా పేర్చి ఉన్నాయి. రెండో డబ్బాలో తల, తోక, పులుసు ముక్కలు విడిగా. ఒక మూలన చిన్న పొట్లంలో కరివేపాకు కూడా పెట్టింది. కుయా గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు.

"అన్నా, ఏందిది?" అని అరిచాను. (కోపం వస్తే నేను ఎదుటివాళ్ళ యాసలోకి జారిపోతాను.)

"నాకేం తెల్వది తమ్మీ. అక్క ఇచ్చింది, నేను తెచ్చిన. సల్లగున్నప్పుడే ఫ్రిజ్జుల పెట్టుకోమన్నది. బాబాను ఆఫీసుల దింపాలె, పోతున్న." ఆయన వెళ్ళిపోయాడు.

అక్కకి ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే "వందనాలు తమ్ముడూ! అందిందా?" అంది సంబరంగా.

"అక్కా, ఎంత పని చేశారండీ! దాన్నెందుకు కోశారు?"

"కొయ్యకపోతే? కత్తి కూడా లేనోడివి, చేపని మొత్తంగా పంపిస్తే నువ్వేం చేసుకుంటావు, దిండు కింద పెట్టుకుంటావా? బాబా నీకు పంపమన్నాడు. నీ గోడు ఆయన దాకా ఎలా వెళ్ళిందో అనుకున్నా, దేవుడి దయ అనుకున్నా. రాత్రంతా ఊరితే కారం బాగా లోపలికి దిగుతుందని..."

"అక్కా, అది తినడానికి కాదు. గోడకి తగిలించడానికి."

అంతే. వచ్చింది చూడండి, ఉప్పెన. "వంజరాన్ని గోడకి తగిలిస్తారా? మేకు కొట్టా? ఒరేయ్, నువ్వు గోదారోడివేనా? ఆ పాడు పనికి జీతం తీసుకుంటున్నావా? మరి నాకు చెప్పొద్దూ? చేపని ఇంట్లోంచి బయటికి పంపేటప్పుడు బాగు చెయ్యకుండా పంపితే నన్ను ఆడమనిషి అంటారా?" నా కోపం నేను చూపించుకునే సందు కూడా ఇవ్వలేదు. నేను చెప్పాల్సినవాళ్ళకి చెప్పాను, ఆయన ఈవిడకి చెప్పలేదు, ఈవిడ ఎవరినీ అడగలేదు, తిట్లు తినేది మాత్రం నేను! నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నట్టుండి ఆవిడ గొంతు మారింది. "తమ్ముడూ, ఆయన బావమరిదికి చూపించాలని సంబరపడుతున్నాడు రా. ఈ సంగతి తెలిస్తే నన్ను పంపించేస్తాడు. నా పిల్ల చదువు ఇంకా అవ్వలేదు. ఈ వయసులో నాకు ఇంకో ఇల్లు ఎవరిస్తారు?"

ఉరుము ఉరిమి మంగలం మీద పడటం అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. పనిలో పెట్టుకున్న మనిషికి సరిగ్గా చెప్పడం చేతకాని ఆయనకేం కాదు, చేపని శుద్ధంగా బాగు చేసిన మనిషి ఇంటికి పోవాలి. ఇదెక్కడి న్యాయం? అక్కడికక్కడే ప్రతిజ్ఞ చేశాను, బాబా వస్తే మొహం మీద అడిగేస్తానని. అరబ్బీ, ఉర్దూ కలిపి ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను. సాక్ష్యాధారాలతో సహా మాట్లాడాలి కదా అని, నేనూ కుయా కలిసి ముక్కలన్నిటినీ బల్ల మీద తల నుంచి తోక దాకా వరసగా పేర్చాం. కారం పూసుకున్న రైలుబండిలా ఉంది. ఎంత ఉదారంగా టేపు పట్టినా మీటరు దాటి నాలుగు వేళ్ళ కంటే ఎక్కువ రాలేదు. కుయా నా వైపు చూశాడు. నేను మళ్ళీ కొలిచాను. అంతే వచ్చింది.

సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని బాబా వచ్చాడు. వెనకే బావమరిది. చూద్దును కదా, నేను చెప్పుతో కొలిచి సగానికి కుదించిన పెద్దమనిషే! కుయా మెరుపులా ముక్కలన్నీ డబ్బాలోకి తోసి మూత పెట్టాడు. కానీ తల బయటే, తోక అతని చేతిలోనే ఉండిపోయాయి. బాబా ఆ తలని చూశాడు, డబ్బాల వైపు చూశాడు, జరిగిందేమిటో కుయా నోటివెంట వచ్చిన నాలుగు ముక్కల్లోనే గ్రహించాడు. తలపాగా మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుండిపోయాడు. "వల్లా, నా చేప! మీటరున్నర చేప! ఖలాస్!" ఆ ఏడుపు వీధి చివర టీ కొట్టు దాకా వినిపించి ఉంటుంది. బావమరిది చాలా జాలి నటిస్తూ ఆయన భుజం తట్టాడు. మీసాల కింద నవ్వు మాత్రం నాకు కనపడుతూనే ఉంది. ఇంతలో ఆయన ఫోన్ మోగింది, మాట్లాడటానికి బయటికి వెళ్ళాడు.

నేను గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టబోయాను. బాబా ఏడుపు టక్కున ఆపేశాడు.

"కొలిచావా?" అన్నాడు చిన్నగా.

"కొలిచాను."

"ఎంత?"

చెప్పాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు. మొహంలో కోపం లేదు సరికదా, ఏదో పెద్ద బరువు దిగినట్టుంది. చర్మం తీసి బొమ్మ చేస్తే అది మీటరే తేలుతుందని ఆయనకి పడవలోనే తెలుసు. ఆయన రాత్రి నిద్ర పట్టక దొర్లింది అందుకేనట. ఇప్పుడు ఒలవడానికి పనికొచ్చే చర్మమే లేదు, ఇక ఏ అచ్చులో పోస్తే అంత.

"ఆ వంటావిడ చాలా మంచిది," అన్నాడు. "మీటరున్నర చేపని కోసేసిందనుకో, క్షమించేస్తాను. జనం నా పెద్దమనసు గురించి చెప్పుకుంటారు. మీటరు చేపని కోసిందనుకో..." అని ఆగి, నిట్టూర్చాడు. "అప్పుడు ఆమెని చూసినప్పుడల్లా నాకు మా బావమరిది నవ్వే గుర్తొస్తుంది. ఇంట్లో ఎలా ఉంచుకోను చెప్పు?"

ఇంత అన్యాయపు లెక్క నా జన్మలో వినలేదు! నేను కాదు పొమ్మని చెప్పడానికి నోరు తెరిచాను. తలుపు తీసుకుని బావమరిది లోపలికొచ్చాడు. నేరుగా నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఈయన మాట నేను నమ్మను. నువ్వు చెప్పు. ఒక్క సెంటీమీటరు కూడా పెంచని మనిషివని దోహా మొత్తానికి తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు. ఎంతుంది చేప?"

బాబా నేలకేసి చూస్తున్నాడు. కుయా తోకని వీపు వెనక పట్టుకుని నిలబడ్డాడు. నాకు పీకల దాకా కోపం. చేప గురించి అబద్ధమాడేవాళ్ళందరి మీదా కోపం, అడగకుండా కారం పట్టించిన అక్క మీద కోపం, నా నిజాయితీని సరిగ్గా ఇలాంటి చోట వాడుకోవడానికి వచ్చిన ఈ ఇద్దరి మీదా కోపం. ఇన్నాళ్ళూ కాపాడుకొచ్చిన పేరు ఒక్కసారికి ఖర్చు పెట్టాలి. దేనికి? ఒక వంటమనిషి వంటింట్లో ఉండటానికి.

"మీటరున్నర," అన్నాను. అంత కోపంగా చెప్పడం వల్లే కాబోలు, ఆయన వెంటనే నమ్మేశాడు. ఆయన మొహం వాడిపోయింది. ఎవరైనా దగ్గరివాళ్ళు పోతే కూడా ఆయన అంత బాధపడి ఉండడు.

బాబా లేచి, కోసింది ఎలాగూ కోసింది, మధ్యాహ్నానికి వేయించమంటానని రెండు డబ్బాలూ పట్టించుకుని వెళ్ళిపోయాడు. నాకు ఒక్క ముక్క మిగల్చలేదు. పసుపు అంటిన బల్ల తుడుస్తూ నేను పడిన ఆక్రోశం ఎవరికీ చెప్పుకోలేనిది. నాకని కోశారు, నాకని కారం పట్టించారు, నాకని కరివేపాకు పెట్టారు. అబద్ధం నాకు, వేపుడు వాళ్ళకి!

కొన్ని వారాలకి చేప తయారైంది. కుయా మనసు పెట్టి చేశాడు, పక్కల మీద ఆ బూడిదరంగు చారలు చూస్తే నీళ్ళలోంచి ఇప్పుడే లేచినట్టుంది. నేనూ డ్రైవరన్నా కలిసి దాన్ని బాబా మజ్లిస్ గోడకి బిగించాం. బాబా దాని కింద అటూ ఇటూ తిరుగుతున్నాడు. మామా కూడా చూడటానికి వచ్చింది. అక్క కాఫీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పని పోలేదన్న ఆనందంతో నన్ను చూసి నవ్వింది. తర్వాత తల ఎత్తి చేపని చూసింది. నవ్వు ఆగిపోయింది. మామా కూడా చేపని ఒకసారి చూసి, అక్కని ఒకసారి చూసి, ఆ రెండు చూపుల మధ్య ఏదో లెక్క కట్టుకుంది. "ఇంత పెద్ద చేప అయితే," అంది వచ్చీరాని ఉర్దూలో, "ఆరోజు నువ్వు వేయించి పెట్టింది ఒక్క పళ్ళెమే కదా. మిగతాది ఏమైంది?"

అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం! బాబా అర్జెంటుగా పైకప్పు కేసి చూడటం మొదలుపెట్టాడు.

అక్క నా మీదికి తిరిగింది. పళ్ళెంలో ఫింజాన్లు, అంటే పిడిలేని చిన్న కాఫీ కప్పులు, గలగలలాడాయి. "ఏరా, ఏంటిది? నేను కోసిన చేప ఇదా? నా చేత్తో కోశాను, నాకు తెలీదా? ఇంత చేపయితే ఇంకో పళ్ళెం ముక్కలు వచ్చుండేవి! ఆ ముక్కలు నేను తినేశాననుకుంటోంది ఆవిడ. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఉప్పు రాయి కూడా దాచుకోలేదు నేను. నా పని నిలబెట్టావనుకున్నాను, నన్ను దొంగని చేశావు కదరా!" కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆవిడకి. చెయ్యని తప్పుకి తల దించుకోవడం ఎంత మండుతుందో నాకు తెలియని విషయమా? నేను నిచ్చెన మీదే ఉన్నాను. చేతిలో సుత్తి ఉంది. నిజం చెప్పేస్తే బాబాకి తల కొట్టేసినట్టవుతుంది, ఆ వెనకే ఆవిడ పని పోతుంది. చెప్పకపోతే ఆవిడ పరువు పోతుంది.

"నేను తినేశానని చెప్పండక్కా," అన్నాను.

"నువ్వా? ఎప్పుడు తిన్నావు?"

"ఎప్పుడైతే ఏమండీ? డబ్బాలు మా దుకాణానికి వచ్చాయి కదా. సగం ముక్కలు నేను దించేసుకుని మిగతావి పంపించానని చెప్పండి."

ఆవిడ పళ్ళెం కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది. తర్వాత మామాకి చెప్పింది. మామా నన్ను పైనుంచి కిందికి పరిశీలించి (అప్పుడు నా ఎముకలు లెక్కపెట్టుకునేలా ఉండేవి), పాపం ఆకలితో ఉన్నట్టున్నాడు అని నవ్వేసింది. బాబా పైకప్పు మీంచి చూపు దించి నాకేసి ఒక్కసారి చూశాడు. నా కోపానికి మాత్రం నిచ్చెన వణికింది.

ఆ దుకాణం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు మెసయీద్‌లో పనిచేస్తున్నాను, చేపలతో నాకున్న సంబంధం మళ్ళీ పళ్ళెం వరకే. అక్క పిల్ల నర్సు అయింది. ఆ ఇంట్లో మాత్రం ఈనాటికీ నేను చేపల దొంగనే, పిల్లలకి కూడా నన్ను అలాగే పరిచయం చేశారట. మొదట్లో ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ బక్క కుర్రాణ్ణి, నిచ్చెన మీద సుత్తి పట్టుకుని ఊగిపోతున్నవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముచ్చట కూడా వేస్తుంది. ఒక్క సెంటీమీటరు పెంచమంటే యుద్ధానికి దిగినవాడు, సముద్రంలో ఎన్నడూ పుట్టని అరమీటరు వంజరాన్ని ఒక్కడే తిని, చప్పుడు చెయ్యకుండా అరిగించుకున్నాడు.